ముఖం చూసి వేసే అంచనా

సూరత్‌లో లింబాయత్ అనే ప్రాంతం ఉంది. అక్కడి సందుల్లో నడుస్తుంటే నల్లగొండ యాస చెవిన పడుతుంది. నా దగ్గర పనిచేసి రిటైరైన ఒక హవల్దార్ అన్న కుటుంబం అక్కడే ఉంటుంది. వాళ్లది సూర్యాపేట దగ్గర పల్లె. పద్మశాలీలు. ఊళ్లో చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో ఆ పెద్దాయన భీవండి వెళ్లి, అక్కడి నుంచి సూరత్ చేరి, మరమగ్గాల మీద కూలీగా మొదలయ్యాడు. కొడుకులు చేతికందాక అప్పు చేసి ఒక కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను కొన్నాడు. అది చైనాలో తయారైంది. ఇటీవల సూరత్ వెళ్లినప్పుడు వాళ్లింటికి వెళ్లాను.

రేకుల షెడ్డులో మిషను ఆగిపోయి ఉంది. దాని ఎదురుగా గోడ మీద కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు ఫొటో. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో మరణించిన 20 మంది సైనికుల్లో ఆయన ఒకరు. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్. సూర్యాపేట బిడ్డ. మరణానంతరం మహావీర్ చక్ర పొందారు. ఆ కుటుంబానికి ఆయన తమ ఊరి మనిషి. ఒక గోడకు ఆ ఫొటో, ఇంకో గోడకు ఆనుకుని చైనా మిషను. అందులో వాళ్లకు వింతేమీ కనిపించలేదు. నాకూ మొదట కనిపించలేదు.

మిషను ఎందుకు ఆగిందని అడిగాను. 'కంట్రోల్ బోర్డు పోయింది సారూ. అమ్మినోళ్ల చైనా మెకానిక్కుకు ఇక్కడికి వచ్చే వీలు లేదంట. మిషన్‌కు నెట్ కలపండ్రి, అక్కడికెళ్లే సూసి సరిజేస్తనంటున్నడు' అన్నాడు పెద్దాయన. మనవడు అందుకుని, 'చైనావాళ్లను అసలు రానియ్యొద్దు సార్, అందరూ స్పైలే' అన్నాడు. ఆ కుర్రాడి పెదనాన్న కొడుకు అమెరికాలో టెక్సాస్‌లో హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. అతని వీసా గురించి ఇంట్లో రోజూ బెంగే. ఈ రెండు మాటలూ ఒకే అరుగు మీద కూర్చుని విన్నాను. ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

ప్రపంచం తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుంటున్న కాలమిది. సూరత్‌కు ఈ తలుపుల విలువ మరెవరూ చెప్పనక్కర్లేదు. 1611లో మచిలీపట్నంలో దిగిన ఈస్టిండియా కంపెనీ, 1613లో మొగల్ ఫర్మానా పొంది సూరత్‌లో కోఠీ పెట్టింది. డచ్చివాళ్లు, అర్మేనియన్లు, పార్సీలు, అరబ్బులు ఆ రేవులో ఇళ్లు కట్టుకున్నారు. ఈనాటికీ ఎక్కడో తవ్విన వజ్రం ఇక్కడి సాన మీద మెరుగెక్కి హాంకాంగ్‌కో న్యూయార్క్‌కో వెళుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ ముందుగా తగిలిన నగరాల్లో సూరత్ ఒకటి. మరుసటి నెలలోనే కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుం ప్రకటించారు. అంటే సరుకుకూ మనిషికీ ఒకేసారి గేటు పడింది.

సరుకు ఆగితే నష్టం లెక్కగట్టవచ్చు. మనిషి విషయంలో అలా కుదరదు. దేశాల మధ్య నమ్మకం పోయినప్పుడు, రెండు దేశాలకూ చెందిన మనిషి ముందుగా అనుమానితుడవుతాడు. ఈ అవస్థను నేడు అందరికంటే ఎక్కువగా అనుభవిస్తున్నది ప్రవాస చైనీయులు. చైనా వెలుపల ఉన్న చైనా మూలాలవారు నాలుగైదు కోట్లని అంచనా. ఇండోనేషియా, థాయిలాండ్, మలేషియా, అమెరికాల్లో తరతరాలుగా స్థిరపడినవారు వీరిలో ఎక్కువ. చాలామందికి చైనా తాతముత్తాతల కథ మాత్రమే. అయినా బీజింగ్‌తో ఎవరికి గొడవ వచ్చినా ప్రశ్న వీరి ఇంటి తలుపే తడుతుంది: నువ్వెవరి మనిషివి?

అనుమానానికి ఆధారమే లేదని నేను అనను. 2017లో చైనా తెచ్చిన జాతీయ ఇంటెలిజెన్స్ చట్టంలోని ఏడో అధికరణ, ఆ దేశ సంస్థలూ పౌరులూ గూఢచార పనికి సహకరించాలని చెబుతోంది. బీజింగ్ భాషలో విదేశాల్లో ఉన్న చైనా పౌరుడు హువాచియావ్, విదేశీ పౌరసత్వం తీసుకున్న చైనా సంతతి వాడు హువారెన్. 1955లో బాండుంగ్ సదస్సు సమయంలో చౌ ఎన్‌లై ఇండోనేషియాతో ద్వంద్వ పౌరసత్వంపై ఒప్పందం చేసుకుని, అక్కడి చైనీయులు ఏదో ఒక దేశాన్ని ఎంచుకోవాలన్నారు. 1980 నాటి చైనా పౌరసత్వ చట్టం కూడా ద్వంద్వ పౌరసత్వాన్ని గుర్తించదు. కానీ ఇటీవలి ఏళ్లలో బీజింగ్ ఈ గీతను తానే చెరిపేస్తోంది. పాస్‌పోర్టు ఏదైనా చైనా రక్తం ఉన్నవారంతా మాతృభూమి పునరుజ్జీవనంలో పాలుపంచుకోవాలని పిలుపునిస్తోంది. ఆ పిలుపు మలేషియాలోనో కెనడాలోనో బతుకుతున్న చైనీయుడి మెడకు చుట్టుకుంటుంది.

కాబట్టి ముప్పు ఉంది. దాన్ని ఎలా పట్టుకోవాలన్నదే ప్రశ్న. ముఖాన్ని బట్టి పట్టుకోబోయిన దేశాలకు ఏం జరిగిందో మనకు తెలుసు. అందులో మన దేశం కూడా ఉంది.

మా తరం అధికారులకు 1962 యుద్ధం పాఠం. నామ్‌కా చూ, సేలా, బొమ్దిలా, రెజాంగ్ లా పటాల మీద గీసి మరీ నేర్చుకున్నాం. ఆ పాఠంలో దేవ్‌లీ పేరు విన్న జ్ఞాపకం నాకు లేదు. రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరం గురించి నేను చదివింది రిటైరైన తర్వాతే. ఆ ఏడాది అక్టోబరు 20న చైనా దాడి మొదలైంది. వెంటనే ప్రభుత్వం తెచ్చిన నిబంధనలు, ఈ దేశంలో పుట్టి పెరిగినవారిని సైతం పూర్వీకుల మూలాన్ని బట్టి విదేశీయులుగా చూసే వీలు కల్పించాయి. నవంబరులో అస్సాం, షిల్లాంగ్, డార్జిలింగ్, కాలింపాంగ్ ప్రాంతాల్లో చైనా మూలాల కుటుంబాలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి రైలెక్కించారు. దాదాపు వారం ప్రయాణం. మొత్తం సుమారు 3,000 మందిని విచారణ లేకుండా దేవ్‌లీలో ఉంచారు.

వాళ్లు ఎవరు? అస్సాంలోని మాకుమ్ లాంటి చోట్లకు తేయాకు పనికి బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన చైనీయుల వారసులు. వడ్రంగులు, చెప్పులు కుట్టేవాళ్లు, దంతవైద్యులు, హోటళ్లు నడుపుకునేవాళ్లు. అస్సామీలను, ఖాసీలను, నేపాలీలను పెళ్లాడినవాళ్లు. నవంబరు 21న చైనా కాల్పుల విరమణ ప్రకటించింది. యుద్ధం నెల రోజుల్లో ముగిసింది. శిబిరం మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. 1963లో చైనా పంపిన ఓడలు మద్రాసు రేవుకు వచ్చి రెండు వేల మందికి పైగా ఎక్కించుకుని పోయాయి. వారిలో ఎందరో అంతకు ముందెన్నడూ చైనాను చూడనివాళ్లు. విడుదలై ఇంటికి వచ్చినవాళ్లకు ఇళ్లూ దుకాణాలూ దక్కలేదు. కలకత్తా టాంగ్రాలో తోళ్ల పరిశ్రమ నడిపిన హక్కా చైనీయుల పిల్లలు టొరంటోకు వలసపోయారు. భద్రత పరంగా ఈ మొత్తం కార్యక్రమం వల్ల దేశానికి ఏం ఒరిగిందని ఒక సైనికుడిగా లెక్క వేస్తే నాకు సున్నా కనిపిస్తోంది. సేలా కనుమ కూలిపోయింది కాలింపాంగ్‌లో చెప్పులు కుట్టేవాడి వల్ల కాదు.

అదే నవంబరులో మరో నిర్ణయం జరిగింది. 14వ తేదీన టిబెటన్ శరణార్థులతో స్పెషల్ ఫ్రాంటియర్ ఫోర్స్ ఏర్పాటైంది. వాళ్ల చేతిలో భారత పౌరసత్వం లేదు. ముఖ కవళికలు చూసి గీత గీస్తే వాళ్లు గీతకు అవతలే ఉండేవాళ్లు. 2020 ఆగస్టు చివర పాంగాంగ్ సరస్సు దక్షిణాన ఎత్తయిన శిఖరాలను మన సేన పట్టుకున్నప్పుడు ముందు వరుసలో ఈ దళమే ఉంది. అక్కడ మందుపాతర పేలి మరణించిన కంపెనీ లీడర్ నీమా తెన్‌జిన్ శవపేటిక మీద రెండు జెండాలు కప్పారు, భారతదేశానిదీ టిబెట్‌దీ. ఒకే నెలలో ఒకే ప్రభుత్వం తీసుకున్న రెండు నిర్ణయాలివి. ఒకటి మనిషి పుట్టుకను చూసింది. రెండోది అతను ఏం చేయడానికి సిద్ధంగా ఉన్నాడో చూసింది. ఏది దేశానికి ఉపయోగపడిందో చెప్పనక్కర్లేదు.

పుట్టుకను చూసి తీసుకునే నిర్ణయానికి అమెరికా చెల్లించిన మూల్యం ఇంకా పెద్దది. చియెన్ షుయేసెన్ చైనాలో పుట్టి అమెరికాలో చదువుకున్న శాస్త్రవేత్త. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ వ్యవస్థాపకుల్లో ఒకరు. రెండో ప్రపంచ యుద్ధం చివర అమెరికా సైన్యం ఆయనకు కర్నల్ హోదా ఇచ్చి జర్మన్ రాకెట్ నిపుణులను ప్రశ్నించడానికి పంపింది. 1949లో అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నారు. 1950లో, కమ్యూనిస్టు అన్న అనుమానంతో ఆయన భద్రతా అనుమతి రద్దు చేశారు. నిర్బంధించారు. ఐదేళ్లు నిఘాలో ఉంచి, 1955లో చైనా చేతిలో బందీలుగా ఉన్న అమెరికా వైమానికులు విడుదలైన తరుణంలో పంపించేశారు. ఆయన వెళ్లి చైనా క్షిపణి కార్యక్రమానికి పునాది వేశారు. 1970 ఏప్రిల్‌లో చైనా తొలి ఉపగ్రహం ఎగిరింది. నేడు అమెరికాతో పాటు మనమూ లెక్కలోకి తీసుకోవలసిన డాంగ్‌ఫెంగ్ క్షిపణుల వంశవృక్షం మొదట్లో ఆయన పేరుంది. శత్రువు చేయలేని పనిని అనుమానం చేసిపెట్టింది.

ఇంత జరిగినా అమెరికా ఆ పాఠం పూర్తిగా నేర్చుకోలేదు. 2018లో 'చైనా ఇనిషియేటివ్' పేరుతో గూఢచారుల వేట మొదలుపెట్టింది. ఎంఐటీ ప్రొఫెసర్ గాంగ్ చెన్‌ను అరెస్టు చేసి, ఏడాది తర్వాత 2022 జనవరిలో కేసు ఉపసంహరించుకుంది. మరుసటి నెలలో ఆ కార్యక్రమాన్నే ఎత్తేసింది. ఈలోగా ఎందరో చైనా మూలాల శాస్త్రవేత్తలు అమెరికా వదిలి వెళ్లే ఆలోచనలో పడ్డారు. బీజింగ్‌కు కావలసింది అదే.

అసలు గూఢచారులు ఎలా దొరుకుతారు? మన విశాఖపట్నం ఉదాహరణే చూడండి. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ విభాగం కేంద్ర సంస్థలతో, నౌకాదళ ఇంటెలిజెన్స్‌తో కలిసి 'డాల్ఫిన్స్ నోస్' అనే ఆపరేషన్ జరిపింది. పాకిస్తాన్‌తో సంబంధమున్న గూఢచారి ముఠా కేసులో ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేసింది. సిబ్బందికి సోషల్ మీడియాలో అమ్మాయిల పేరుతో వల వేశారన్నది ఆరోపణ. వాళ్ల ముఖాల్లో విదేశీ ఛాయ ఏదీ లేదు. మన యూనిఫామ్ వేసుకున్న మన పిల్లలే. డబ్బు జాడ, ఫోను జాడ పట్టుకుని వెళితే దొరికారు. కౌంటర్ ఇంటెలిజెన్స్ పని ఇలాగే ఉంటుంది: ఎవరికి ఏ రహస్యం అందుబాటులో ఉంది, ఎవరి ఖాతాలోకి సొమ్ము వచ్చింది, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు. ఓపికతో చేయాల్సిన పని. ముఖం చూసి లెక్కగట్టడం సులువు కాబట్టి అధికారులు దానికి మొగ్గుతారు. అందరినీ అనుమానించే వాడి దగ్గర అసలు దొంగను వెతికే సమయం మిగలదు.

ఈ విషయం తెలుగువాళ్లకు దూరపు కథ కాదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి బర్మా వెళ్లిన మన వాళ్లను అక్కడ 'కొరంగీలు' అని పిలిచేవారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ పని దగ్గర మొదలైన గొడవ నెత్తుటి అల్లరిగా మారింది. 1942లో జపాన్ దాడికి భయపడి లక్షల మంది భారతీయులు కొండలు దాటి కాలినడకన వచ్చారు. 1964లో నే విన్ ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక మిగిలినవాళ్లూ కట్టుబట్టలతో ఓడెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఆ రోజుల గుర్తు. మూడేళ్లు తిరిగేసరికి, 1967 జూన్‌లో, అదే రంగూన్‌లో వంతు చైనీయులకు వచ్చింది. మావో బ్యాడ్జీలు పెట్టుకుని బడికి వెళ్తామని చైనా మూలాల విద్యార్థులు పట్టుబట్టారు. ఆ ఊపు వెనుక చైనా ఎంబసీ ప్రోత్సాహం ఉంది. జనం చైనీయుల ఇళ్ల మీద, దుకాణాల మీద పడ్డారు. ఎంబసీ వాళ్లకు కంచె ఉంది. దెబ్బ తిన్నది మూడు తరాలుగా రంగూన్‌లో కొట్టు నడుపుకుంటున్న చైనీయుడు.

రంగూన్ నుంచి నాకు అర్థమైంది ఇది. ఒకరిని తరిమిన తలుపు అక్కడితో ఆగదు. అలాగే ప్రవాసుల మీద మాతృదేశం గట్టిగా హక్కు చాటుకున్నకొద్దీ వాళ్ల కాళ్ల కింద నేల పలచబడుతుంది.

అమెరికా చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1882లో అక్కడి కాంగ్రెస్ చైనా కూలీలను అడ్డుకునే చట్టం చేసింది. అది చైనీయుల గొడవ అని మిగతా ఆసియావాళ్లు అనుకుని ఉండవచ్చు. 1917 నాటి వలస చట్టం భారతీయులతో సహా ఆసియాలో చాలా భాగానికి తలుపు మూసింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయుడికి పౌరసత్వ అర్హత లేదంది. థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. 1943లో చైనా మిత్రదేశంగా అవసరమయ్యాకే 1882 చట్టం రద్దయింది. చట్టం మారడానికి కారణం ప్రవాసుల నడవడి కాదు, రాజధానుల అవసరం.

ముఖం చూసి గురిపెట్టేవాడికి గురి కూడా సరిగా కుదరదు. 1982లో డెట్రాయిట్‌లో, జపాన్ కార్ల వల్ల ఉద్యోగాలు పోతున్నాయన్న కోపం రగులుతున్నప్పుడు, ఇద్దరు శ్వేతజాతీయులు విన్సెంట్ చిన్ అనే యువకుడిని కొట్టి చంపారు. అతను జపనీయుడు కాదు, చైనా మూలాల అమెరికన్. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలోని ఒక బార్‌లో తెలుగు ఇంజనీరును కాల్చి చంపినవాడు, తాను ఇరానీయులను కాల్చానని చెప్పుకున్నాడు. మన హైదరాబాద్‌లో ఒక ఇల్లు కూలిపోయింది.

ఇక మన నేల మీద చూద్దాం. 2020లో కరోనా వచ్చినప్పుడు మన నగరాల్లో ఈశాన్య రాష్ట్రాల పిల్లలను 'చైనీస్' అని గేలి చేసి, అద్దె ఇళ్లు ఖాళీ చేయించిన ఘటనలు బయటికొచ్చాయి. 2025 డిసెంబరులో డెహ్రాడూన్‌లో త్రిపురకు చెందిన విద్యార్థి దాడిలో గాయపడి చనిపోయాడు. 'చైనీస్' అని దూషించారని, తాను భారతీయుణ్నేనని అతను చెప్పాడని కుటుంబం అంటోంది. జాతి ద్వేషం కోణాన్ని పోలీసులు కాదన్నారు. తేల్చాల్సింది కోర్టు. నాకు మింగుడు పడనిది ఒకటుంది. ఆ విద్యార్థి తండ్రి సరిహద్దు భద్రతా దళం జవాను. నేను భుజం మీద నక్షత్రాలు పెట్టించుకుని బయటికి వచ్చిన మిలిటరీ అకాడమీ ఉన్నది ఆ ఊళ్లోనే. నాతో అక్కడ కవాతు చేసిన మణిపూర్, నాగాలాండ్, మిజోరం మిత్రులు నాకున్నారు. తాము భారతీయులమని వాళ్లు ఎవరికి రుజువు చూపాలి?

తిరిగి లింబాయత్‌కు వస్తాను. అక్కడి తెలుగువాళ్లను చూస్తే, మనిషి ఒక చోటికి ఎలా చెందుతాడన్నది తెలుస్తుంది. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాల్లోనూ బడులు నడుపుతోంది. బతుకమ్మ పండుగకు వీధులు పూలతో నిండుతాయి. పెద్దాయన మనవడు గుజరాతీలో బేరమాడతాడు, ఇంట్లో తెలంగాణ మాట్లాడతాడు, క్రికెట్ చూస్తూ హిందీలో తిడతాడు. అతన్ని ఎవరూ విధేయత రుజువు చేయమనలేదు. బడి ఇచ్చారు, రేషన్ ఇచ్చారు, ఓటు ఇచ్చారు. అంతే. మిగతాది తరాలు చూసుకున్నాయి.

అలాగని అంతా సాఫీగా సాగిందని కాదు. 2020 లాక్‌డౌన్‌లో జీతం లేక, తిండి లేక ఇంటికి పంపమంటూ సూరత్ రోడ్ల మీదికి వచ్చినవాళ్లు వలస కూలీలే. 'ఇక్కడ మమ్మల్ని మద్రాసీలంటరు. ఊరికి పోతే సూరతోళ్లు వచ్చిన్రంటరు. మా ఊరేదో మాకే తెల్వదు సారూ' అన్నాడు పెద్దాయన నవ్వుతూ. ఒకే దేశంలో, ఒకే పౌరసత్వంతో ఉన్నవాడి మాట ఇది. మలేషియాలోని చైనీయుడు, టెక్సాస్‌లోని తెలుగువాడు ఇదే మాట నవ్వకుండా అంటారు.

ప్రభుత్వం ఏం చేయాలి? మొదటిది ఆ మిషను సంగతి. 2020 ఏప్రిల్‌లో సరిహద్దు దేశాల పెట్టుబడులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేశాం. జూన్‌లో 59 యాప్‌లు నిషేధించాం. వీసాలు బిగించాం. గల్వాన్ తర్వాత అవి అవసరమే. కానీ 2024-25లో చైనాతో మన వాణిజ్య లోటు దాదాపు 9,900 కోట్ల డాలర్లు. అంటే మనిషిని వీసా కౌంటర్ దగ్గర ఆపి, పెట్టెను కస్టమ్స్ గేటు గుండా రానిస్తున్నాం. లింబాయత్‌కు రాలేని మెకానిక్, నెట్ తీగ గుండా నేరుగా మిషను లోపలికి వస్తానంటున్నాడు. భద్రత కోణంలో ఏది మేలు? పేరు, పాస్‌పోర్టు, వేలిముద్ర ఇచ్చి, పది రోజులు ఒకే షెడ్డులో పనిచేసి వెళ్లే మనిషా? కంటికి కనిపించకుండా ఎప్పుడైనా లోపలికి రాగల సాఫ్ట్‌వేరా? 2024 సెప్టెంబరులో లెబనాన్‌లో పేజర్లు పేలినప్పుడు ప్రపంచం చూసింది ఇదే. ఆ పరికరాలను తెచ్చిన చేతులను కాదు, వాటి కడుపులో ఏముందో చూడాల్సింది. ఎంబ్రాయిడరీ మిషను వల్ల దేశ భద్రతకు ప్రమాదం లేదు. కానీ అదే పద్ధతిలో విద్యుత్ సబ్‌స్టేషన్లలోకీ రేవుల క్రేన్లలోకీ వచ్చే నియంత్రణ పరికరాల మాటేమిటి? సీసీ కెమెరాలకు 2025 ఏప్రిల్ నుంచి తప్పనిసరి భద్రతా పరీక్షలు పెట్టాం. ఆ దారిని ఇలాంటి పరికరాలకూ పొడిగించాలి. 2025లో చైనా పౌరులకు పర్యాటక వీసాలు తిరిగి తెరిచాం, నేరుగా విమానాలూ మొదలయ్యాయి. సాంకేతిక నిపుణుల వీసాలను పనిని బట్టి, స్థలాన్ని బట్టి, గడువు పెట్టి ఇవ్వడం, వచ్చినవాడి మీద కన్నేసి ఉంచడం మన సంస్థలకు చేతగాని పని కాదు.

రెండోది దేవ్‌లీ. అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలో సుమారు 1,20,000 మంది జపాన్ మూలాలవారిని శిబిరాల్లో పెట్టింది. 1988లో చట్టం చేసి క్షమాపణ చెప్పింది, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది. దేవ్‌లీలో పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు. ఒక్క మాట చెప్పడానికి మనకు ఎక్కువ కాలం మిగల్లేదు. అది బీజింగ్‌కు లొంగడం కాదు. మన పౌరులను మన పౌరులని ఒప్పుకోవడం. మాలాంటివాళ్ల పాఠ్యాంశాల్లో రెజాంగ్ లా పక్కన దేవ్‌లీ కూడా ఉండాలి.

మూడోది మన ప్రవాసుల విషయం. విదేశీ వేదికల మీద వేలమందితో జెండాలూపించి, వాళ్లు ఎప్పటికీ మన వాళ్లేనని చాటుకోవడం మనకు గర్వంగా ఉంటుంది. ఓట్ల లెక్కలూ ఉంటాయి. ఆ దృశ్యాన్ని అక్కడి పొరుగువాడు కూడా చూస్తున్నాడన్న సంగతి మరిచిపోతాం. ప్రవాస భారతీయుడికి ఆపదలో కాన్సులేట్ తోడుండాలి. అంతకు మించి అతని విధేయత మీద మనం హక్కు చాటితే, రంగూన్‌లో చైనా ఎంబసీ చేసిన మేలే మనమూ చేసినవాళ్లమవుతాం.

ఆ సాయంత్రం కుర్రాడితో ఇవన్నీ చెప్పలేదు. టెక్సాస్‌లో నీ అన్నను ఎవరైనా 'వీళ్లందరూ ఇంతే' అంటే నీకెలా ఉంటుందని మాత్రం అడిగాను. అతను సంతోష్ బాబు ఫొటో వైపు చూసి, 'సార్‌ను చంపినోళ్లు వాళ్లే కదా' అన్నాడు. చంపింది చైనా సైన్యం. ఆ లెక్క తేల్చాల్సింది సైన్యం, సరిహద్దులో, ఆయుధాలతో. దానికి మేం తయారుగా ఉన్నాం, ఉంటాం. ఆ లెక్కను మాకుమ్‌లోని వడ్రంగి మనవడితోనో, డెహ్రాడూన్‌లోని త్రిపుర విద్యార్థితోనో తేల్చుకుంటామంటే అది సైనికుడికి గౌరవం కాదు.

వారం తర్వాత ఫోన్ చేశాను. మిషను నడుస్తోందట. మెకానిక్ చెప్పినట్టు నెట్ కలిపారు, తప్పెక్కడుందో అతను చూసి చెప్పాడు, ఉధ్నాలో బోర్డు దొరికింది, స్థానిక మిస్త్రీ మార్చాడు. పని అయ్యాక నెట్ తీగ పీకేశారా అని అడిగాను.

'అయ్యో, మర్సిపోయినం సారూ' అన్నాడు పెద్దాయన.